అచ్చులో సంతకం, తెర మీద పాదసూచిక

(కొమర్రాజు లక్ష్మణరావు స్మృతిలో, అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో కొత్తగా రాస్తున్నవారి కోసం చేసిన ఉపన్యాస పాఠం)

కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నారు, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినప్పుడూ, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినప్పుడూ ముందువరసలో ఆయనే ఉన్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం ఒక ఎత్తు. 1912-13 ప్రాంతంలో మద్రాసులో ఆ పని మొదలైంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటివారు తోడయ్యారు. అక్షరక్రమంలో నడిచిన ఆ గ్రంథం మూడు సంపుటాలైనా ‘అ’ దాటలేదు. 1923లో లక్ష్మణరావు 46 ఏళ్లకే కన్నుమూశారు. ఆ బరువును తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు భుజానికెత్తుకున్నారు. 1938లో ఆయనా వెళ్లిపోయారు.

ఆ సంపుటాలు తెరిచినవారు వాటిని ఎందుకు నమ్మారు? లక్ష్మణరావు పేరు చూసి నమ్మారు. శాసనాలు చదవగల మనిషి, మరాఠీ, సంస్కృతం, ఇంగ్లీషు గ్రంథాలు తిరగేసిన మనిషి రాయించిన పుస్తకం కాబట్టి నమ్మారు.

2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాకు ఆ ఆసరా లేదు. అక్కడ రాసేవారంతా ‘వాడుకరులు’. మారుపేరు వెనక ఉన్నది విశ్రాంత ఆచార్యుడో, ఇంటర్మీడియట్ పిల్లవాడో పాఠకుడికి తెలియదు. నమ్మకమంతా వాక్యం చివర నిలబెట్టిన చిన్న అంకె మీదికి మారింది. ఆ అంకె నొక్కితే ఏ పుస్తకం, ఏ పుట, ఏ తేదీ పత్రిక అన్నది కనిపించాలి. కావలసినవారు వెళ్లి చూసుకుంటారు. కొత్తగా రాసేవారికి చెప్పే నియమాలన్నీ ఈ ఒక్క ఏర్పాటు నుంచి పుట్టినవే.

తెలుగులో కొత్త వాడుకరి సాధారణంగా సొంత ఊరితో మొదలుపెడతాడు. ఊరి పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎన్ని వందల ఏళ్లనాటిది అన్నీ ఉత్సాహంగా రాస్తాడు. మర్నాడు చూసేసరికి సగం వాక్యాల పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు ఉంటుంది, మిగతా సగం మాయమై ఉంటుంది. “మా ఊరి సంగతి నాకు తెలీదా?” అని మనసు నొచ్చుకుంటుంది. తెలిసే ఉంటుంది, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ ఊరు ఎన్నడూ చూడని కరీంనగర్ పాఠకుడో, డల్లాస్ పాఠకుడో ఆ మాటను సరిచూసుకునే దారి లేదు. వికీపీడియా దీన్ని నిర్ధారత్వం అంటుంది. రాసింది నిజమైతే చాలదు, నిజమని ఇంతకుముందే ఎక్కడో బాధ్యతగా అచ్చయి ఉండాలి. మొదటిసారి విన్నవారికి ఇది వింతగానే ఉంటుంది.

అంకె పెట్టినంత మాత్రాన పని అయిపోలేదని తెలియడానికి గోవా యుద్ధం కథ చాలు. 2007 జులైలో ఇంగ్లీషు వికీపీడియాలో ‘బిచోలిం సంఘర్షణ’ అని ఒక వ్యాసం వచ్చింది. 1640-41లో గోవా పోర్చుగీసు పాలకులకూ మరాఠా సామ్రాజ్యానికీ జరిగిన యుద్ధమట. దాదాపు 4,500 మాటలు, బారులు తీరిన పాదసూచికలు. ఆ సెప్టెంబరులోనే దానికి ‘మంచి వ్యాసం’ హోదా ఇచ్చారు. అయిదేళ్లు ఆ హోదా చెక్కుచెదరలేదు. 2012 డిసెంబరులో ఒక వాడుకరి ఆ పాదసూచికల్లోని పుస్తకాలు ఎక్కడున్నాయా అని వెతికితే, అవి లేనే లేవు. రచయితలు లేరు, పుస్తకాలు లేవు, యుద్ధమూ లేదు. వ్యాసాన్ని తొలగించారు.

నిజానికి పుస్తకాల దాకా పోనక్కరలేదు. 1640లో శివాజీ పదేళ్ల పిల్లవాడు. ఆయన పట్టాభిషేకం 1674లో. మరాఠా రాజ్యం ఇంకా పుట్టని ఏట మరాఠా సామ్రాజ్యం యుద్ధం ఎలా చేసిందని శివాజీ చరిత్ర రాసిన లక్ష్మణరావు లాంటివారు మొదటి వాక్యంలోనే అడిగి ఉండేవారు. హోదా ఇచ్చినవారు పాదసూచికలు ఉన్నాయా అని చూశారు, అవి దేన్ని చూపుతున్నాయో చూడలేదు.

లేని మూలాలను కల్పించే పని ఇప్పుడు యంత్రాలు కూడా చేస్తున్నాయి. 2023లో న్యూయార్కులో ఒక విమానయాన సంస్థ మీద వేసిన దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. అవి ఎన్నడూ ఎవరూ ఇవ్వని తీర్పులు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. తెలుగు రచయిత గురించి అడిగినా ఇలాంటి యంత్రం ప్రచురణకర్త పేరూ, సంవత్సరమూ, పుట సంఖ్యా తడుముకోకుండా చెప్పగలదు. ఆ పుస్తకం చేతికి దొరికే దాకా ఆ వివరాన్ని మూలంగా పెట్టకూడదు. చూసిన పుస్తకాన్నే చూపాలి. ‘అ’ అనే పుస్తకంలో ‘ఆ’ అనే పుస్తకం నుంచి ఎత్తిచూపిన మాట చదివితే, చూపాల్సింది ‘అ’ను.

పత్రికలో అచ్చయితే నమ్మవచ్చు కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. చాలావరకు నమ్మవచ్చు. కానీ పత్రిక ఎక్కడ తెచ్చుకుంది? ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’, ‘డాక్టర్ జివాగో’ చిత్రాలకు సంగీతం కూర్చిన మారిస్ జార్ 2009 మార్చి నెలాఖరులో చనిపోయారు. డబ్లిన్‌లో ఒక విద్యార్థి కొద్ది గంటల్లోనే ఆయన వికీపీడియా పేజీలోకి వెళ్లి, సంగీతం గురించి, చావు గురించి ఆయన అన్నట్టుగా ఒక అందమైన మాట కల్పించి పెట్టాడు. పత్రికలు ఎంతవరకు సరిచూసుకుంటాయో తెలుసుకోవాలని చేసిన ప్రయోగమది. వికీపీడియా వాడుకరులు మూలం లేదని ఆ మాటను తీసేశారు, అతను మళ్లీ పెట్టాడు, మళ్లీ తీసేశారు. ఈలోగానే అది గార్డియన్‌తో సహా పలు దేశాల పత్రికల సంతాప వ్యాసాల్లోకి ఎక్కింది. నెల గడిచినా ఎవరూ గుర్తించకపోవడంతో ఆ విద్యార్థే ఉత్తరాలు రాసి చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ కథలో పేరులేని వాడుకరులు పేరున్న సంపాదకులకంటే ముందు మేలుకున్నారు. వాళ్లకు జార్ గురించి ఎక్కువ తెలిసి కాదు, అంకె లేని ఉల్లేఖన కనిపిస్తే తీసెయ్యాలన్న అలవాటు ఉండి.

దీనికంటే చిక్కైన రకం ఇంకొకటుంది. 2008లో న్యూయార్కు విద్యార్థి ఒకరు కోటీ అనే దక్షిణ అమెరికా జంతువు వ్యాసంలో సరదాకి దానికి ‘బ్రెజిలియన్ ఆర్డ్‌వార్క్’ అని మారుపేరు తగిలించారు. ఆ పేరు పత్రికల్లోకి పాకింది, విశ్వవిద్యాలయ ముద్రణాలయం వేసిన పుస్తకంలోకీ పాకింది. ఆ తర్వాత వికీపీడియా వ్యాసంలో ఆ పేరుకు ఆధారంగా ఆ పత్రికల్లో ఒకదాన్నే చూపారు. 2014లో న్యూయార్కర్ ఈ సంగతి రాసేదాకా చక్రం అలా తిరుగుతూనే ఉంది. మన సినిమా నటులు కన్నుమూసిన రోజు వచ్చే వార్తల్లో పుట్టిన ఊరు, అసలు పేరు, తొలిచిత్రం వరసలో రెండు మూడు పేరాలు ఉంటాయి. అవి వికీపీడియా వ్యాసంలోని వరసలోనే, అదే మాటలతో కనిపిస్తే ఆ వార్తను ఆ వివరాలకు మూలంగా తిరిగి పెట్టకూడదు. వ్యాసం చరిత్ర పేజీలో ఆ వివరం ఏ తేదీన చేరిందో చూసి, దానికంటే ముందు అచ్చయినదాన్ని వెతకాలి.

అచ్చయినది వార్తా, డబ్బు తీసుకుని వేసినదా అన్నది వేరే తూకం. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉపసంఘం సభ్యులుగా పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాసరెడ్డి 2010లో ‘పెయిడ్ న్యూస్’ మీద ఇచ్చిన నివేదిక చదివినవారు ఎన్నికల నెలల్లో జిల్లా పేజీల్లో వచ్చే అభ్యర్థి జీవితకథను ఆధారంగా వాడడానికి జంకుతారు. నిర్మాణ సంస్థ వేసిన వసూళ్ల పోస్టరు కూడా ఇలాంటిదే. దాన్ని పూర్తిగా పక్కనపెట్టనక్కరలేదు. ‘వంద కోట్లు వసూలు చేసింది’ అని కాకుండా ‘వంద కోట్లు వసూలు చేసిందని నిర్మాతలు ప్రకటించారు’ అని రాస్తే చాలు. ఎవరి మాటో చెప్పేసరికి దాని బరువు ఎంతో పాఠకుడే లెక్కగట్టుకుంటాడు.

గుడి కథలకూ ఇదే మందు. రాముడు ప్రతిష్ఠించాడనో, జనమేజయుడు కట్టించాడనో చెప్పని క్షేత్రం తెలుగునేల మీద అరుదు. ఆ కథ వ్యాసంలో ఉండాల్సిందే, లేకపోతే ఆ ఊరివాళ్లకు అది తమ ఊరు కానట్టే ఉంటుంది. కాకపోతే ‘స్థలపురాణం ప్రకారం’ అని మొదలవ్వాలి. కట్టడం వయసు చెప్పే వాక్యం వేరేగా, శాసన సంపుటాన్ని గానీ పురావస్తు శాఖ ప్రచురణను గానీ చూపుతూ రావాలి. కాలిన్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫీయతులు ఈ రెంటికీ మధ్యస్థం. రెండువందల ఏళ్ల కిందట ఊరి కరణాలూ పెద్దలూ ఏమని చెప్పుకున్నారన్నదానికి వాటిని మించిన ఆధారం లేదు. వాళ్లు చెప్పిన పదకొండో శతాబ్దపు రాజుకు మాత్రం అవి ఆధారం కావు.

మూలం మంచిదే అయినా దానికీ ఒక కాలం ఉంటుంది. 2011 జనగణన జిల్లా పుస్తకాల నుంచి వేలాది తెలుగు గ్రామాల వ్యాసాల్లోకి జనాభా లెక్కలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. జనాభా అంకె 2011కు ఇప్పటికీ సరైనదే, దాని పక్కనున్న జిల్లా పేరు మాత్రం పాతబడింది. పెనుగంచిప్రోలు ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది, మునగాల సూర్యాపేట జిల్లాలో ఉంది. అలాగని లక్ష్మణరావు 1877లో ఎన్టీఆర్ జిల్లాలో పుట్టారని దిద్దేస్తే సరిదిద్దినట్టు కాదు, కొత్త తప్పు పెట్టినట్టు. అప్పటి జిల్లా ఏది, ఇప్పటి జిల్లా ఏది అన్నవి రెండు వేర్వేరు వాక్యాలు, వాటికి రెండు వేర్వేరు మూలాలు.

సొంత పరిశోధన పెట్టకూడదన్న నియమం దగ్గర చదువుకున్నవారే ఎక్కువగా అలుగుతారు. అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్ కూడా అలిగారు. తన నవల ‘ది హ్యూమన్ స్టెయిన్’కు ప్రేరణ ఎవరన్నది వికీపీడియాలో తప్పుగా ఉందని ఆయన దిద్దించబోయారు. రచయితే స్వయంగా చెప్పినా వేరే ప్రచురిత మూలం కావాలన్నారు. 2012 సెప్టెంబరులో ఆయన న్యూయార్కర్‌లో వికీపీడియాకు ఒక బహిరంగ లేఖ రాశారు. లోకం నవ్వింది. ఆ లేఖే ప్రచురిత మూలం అయింది, ఆయన చెప్పినది ఆయన మాటగా వ్యాసంలోకి ఎక్కింది. నవ్వవలసిన సంగతే అయినా నియమంలో అర్థముంది. రాత్ పేరుతో ఉత్తరం రాస్తున్నది రాతేనని ఎక్కడో కూర్చున్న వాడుకరి ఎలా తేల్చుకుంటాడు? పత్రిక ఆ పూచీ తీసుకుంది.

తెలుగులో దీనికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు పుస్తకాలు రాశాయి, పత్రికలు రాశాయి, ఆ తేదీన సినీ జనం పండుగ చేసుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలు, ప్రకటనలు, సెన్సారు వివరాలు తవ్వి, హెచ్.ఎం.రెడ్డి తీసిన ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు అయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమా థియేటరులో విడుదలైందనీ చూపారు. ఆ పరిశోధన అచ్చయ్యే ముందురోజున ఒక వికీపీడియా వాడుకరికి ఆ సెన్సారు వివరమే దొరికిందనుకుందాం. వ్యాసంలో తేదీ మార్చడానికి అతనికి వీలుండేది కాదు. పది పుస్తకాలు ఒకటి చెబుతుంటే ఒక్క కాగితంతో వాటిని కొట్టెయ్యడం పరిశోధకుడి పని. పరిశోధన అచ్చయి, ఆధారాలు నలుగురి కళ్ల ముందుకు వచ్చాక వాడుకరి చేయగలిగింది చాలా ఉంది: కొత్త తేదీని మూలంతో పెట్టడం, పాత తేదీ ఎన్నాళ్లు చలామణీ అయిందో కూడా చెప్పడం. పాతదాన్ని అసలు చెప్పకుండా తుడిచేస్తే, పాత పుస్తకం చదివి వచ్చినవాడు మళ్లీ 1931 అని దిద్దేస్తాడు.

ఇక ఉల్లేఖన. కొత్త వాడుకరులు దీన్ని తిరగేసి చేస్తారు. సొంత మాటల్లో చెప్పాల్సిన సమాచారాన్ని పత్రిక నుంచి పేరాలకు పేరాలు యథాతథంగా దించుతారు, కొటేషన్ గుర్తుల్లో ఉంచాల్సిన అభిప్రాయాన్ని తమ మాటగా రాస్తారు. ఒక కవి ఫలానా ఏట ఫలానా కళాశాలలో చేరాడన్నదానికి కొటేషను దేనికి? ఆయన తన తరంలో అందరికంటే గొప్పవాడు అన్నదానికి మాత్రం కొటేషనూ కావాలి, అన్నవారి పేరూ కావాలి. ఆ పేరు పాదసూచికలో దాగకుండా వాక్యంలోనే ఉండాలి. ‘సాహితీలోకానికి తీరని లోటు’ లాంటివి ఎవరన్నా సరే వదిలెయ్యవచ్చు, అందులో సమాచారం లేదు.

ఉల్లేఖించేది అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రలోని వాక్యాన్ని ఇప్పటి వాడుకభాషలోకి మార్చి కొటేషన్ గుర్తుల మధ్య పెడితే అది ఆయన మాట కాకుండా పోతుంది. వాడుకభాషలోనే చెప్పాలనుకుంటే గుర్తులు తీసేసి, ‘వీరేశలింగం ఇలా రాశారు’ అని సారాంశం చెబితే సరిపోతుంది. మధ్యలో వదిలిన చోట చుక్కలు పెట్టాలి. వదిలిన మాటల్లో ‘అయితే’, ‘కానీ’ ఉన్నాయేమో ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే మెప్పు వరకు ఉంచి మెలిక తీసేసిన ఉల్లేఖనలు తెలుగు పుస్తకాల వెనక అట్టల మీద కొల్లలు.

ఎంతమేరకు ఎత్తిచూపవచ్చన్నది చట్టానికి సంబంధించిన సంగతి. మన దేశంలో రచయిత పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1940లో పోయిన గిడుగు రామమూర్తి రచనలు ఇప్పుడు అందరివీ. 1976లో పోయిన విశ్వనాథ సత్యనారాయణ రచనలకు 2036 చివరిదాకా, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా హక్కు ఉంటుంది. విమర్శకో, వివరణకో అవసరమైన రెండు పంక్తులు పేరు చెప్పి వాడుకోవడానికి చట్టం అడ్డురాదు. పాట మొత్తం ఎక్కించి కింద ‘శ్రీశ్రీ’ అని రాస్తే మాత్రం ఒప్పుకోదు.

చలామణీలో ఉన్న ఉల్లేఖనను పరీక్షించే ఒక పాఠం కార్యశాలల్లో బాగా పనికొస్తుంది. పదిహేనో శతాబ్దపు ఇటలీ యాత్రికుడు నికొలో కాంటీ తెలుగును ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నాడని వేదికల మీద వినని తెలుగువారు లేరు. కాంటీ తన యాత్రను పోప్ కార్యదర్శి పొజ్జో బ్రాచొలీనీకి చెప్పగా, ఆయన దాన్ని లాటిన్‌లో రాశాడు. హక్లూట్ సొసైటీ 1857లో ఇంగ్లీషు అనువాదం వేసింది. అది పెద్ద పుస్తకమేమీ కాదు, అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. కొత్తవారికి ఆ పుస్తకం ఇచ్చి, ఆ మాట ఏ పుటలో ఉందో చూపమని అడిగితే చాలు. సాయంత్రానికి వాళ్లకు పాఠం వేరే చెప్పనక్కరలేదు.

నేర్పేవారి వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. కొత్త వ్యాసం రాయించడంతో శిక్షణ మొదలుపెట్టడం, మర్నాడు దాన్ని తొలగించడం, ఆ మనిషి మళ్లీ కనబడకపోవడం చాలా చోట్ల నడుస్తున్న వరసే. ఉన్న వ్యాసంలో ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు దగ్గర ఒక్క మూలం చేర్పించడంతో మొదలుపెడితే ఆ దెబ్బ తగలదు. 2016 నుంచి గ్రంథాలయాల వాళ్లు ప్రపంచమంతటా ‘ఒక్కొక్కరు ఒక్కో మూలం’ అంటూ చేస్తున్నది ఇదే. దానికి తెలుగునేల మీద చోట్లకు కొదవలేదు. 1918లో పెట్టిన వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల కట్టలున్నాయి, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ఒక పూట అక్కడ కూర్చుంటే వెబ్‌లో వారం వెతికినా దొరకనివి దొరుకుతాయి. వెబ్‌లో దొరికిన తెలుగు వార్త లంకె ఎప్పుడు తెగిపోతుందో చెప్పలేం. యూనికోడు రాకముందు సొంత ఫాంట్లలో పెట్టిన పేజీలైతే వెతుకులాటకే అందవు. అందుకే లంకె పెట్టినప్పుడే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఒక ప్రతి దాచి, పత్రిక పేరు, తేదీ, పుట కూడా రాయించాలి.

అచ్చులోకి రానివారి సంగతి మిగిలింది. ఒగ్గు కథకుడికీ, చిందు భాగవతులకూ, చెంచు పెద్దకూ తెలిసిన విషయాలు ఏ గ్రంథాలయంలోనూ ఉండవు. 2011లో అచల్ ప్రభల మన దేశంలోనూ దక్షిణాఫ్రికాలోనూ కొందరు వికీపీడియన్లతో కలిసి పెద్దల మాటలను రికార్డు చేసి వాటినే మూలాలుగా చూపే ప్రయత్నం చేశారు. మలయాళం, హిందీ, ఉత్తర సోతో భాషల్లో అలా వ్యాసాలు వచ్చాయి. వాడుకరే స్వయంగా రికార్డు చేసి వాడుకరే ఉదహరిస్తే అది సొంత పరిశోధనే కదా అన్న అభ్యంతరం అప్పుడూ వచ్చింది, ఇంకా తెగలేదు. తెలుగులో దీనికి పాత దారి ఒకటి ఉంది. బిరుదురాజు రామరాజు ఊళ్లు తిరిగి పాటలు సేకరించి, తెలుగు జానపద గేయ సాహిత్యం మీద 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి గ్రంథం వేశారు. ఏ పాఠకుడూ చూడలేని పాడేవారి గొంతు అప్పటి నుంచి పుట సంఖ్యతో చూపగలిగినదైంది. ఊళ్లో రికార్డు చేసిన కథను మొదట ఒక జానపద విభాగానికో, సంపాదకుడున్న పత్రికకో ఇచ్చి, చెప్పినవారి పేరు, ఊరు, తేదీతో అచ్చు వేయిస్తే, ఆ తర్వాత మరో వాడుకరి దాన్ని ఉదహరించడానికి ఇప్పుడున్న నియమాల్లో ఏదీ అడ్డు కాదు.